భూమిలో పోయేదే కదా, ఏదైతే ఏం?

ఇల్లు బాగు చేయించుకునే ప్రతి చోటా ఈ మాట వింటూనే ఉన్నాను. గుమ్మానికి టేకు తప్ప ఇంకోటి పనికిరాదు. హాల్లో టైల్సు కోసం నాలుగు షాపులు తిరుగుతాం. వంటింటి అరల రంగు మీద వారం రోజులు చర్చ. తీరా మురుగు పైపు దగ్గరకొచ్చేసరికి మాత్రం "భూమిలో పోయేదే కదా, ఏదో ఒకటి వేసెయ్ మేస్త్రీ" అని చేతులు దులుపుకుంటాం. నేననేది ఏమిటంటే, ఇంట్లో అన్నింటికంటే శ్రద్ధగా, అన్నింటికంటే అనుమానంగా నిలబడి చేయించుకోవలసిన పని ఇదే. టైలు బాగాలేకపోతే కంటికి కనబడుతుంది. పూడ్చేసిన పైపు బాగాలేకపోతే పిల్లలకి వచ్చే విరేచనాల్లో, కామెర్లలో కనబడుతుంది.

మాది హైదరాబాదులో మా మామగారు 1989లో కట్టించిన ఇల్లు. అప్పట్లో అందరిలాగే స్టోన్‌వేర్ పైపులు వేయించారు. అవి మంచి పైపులే, కానీ ఒక్కొక్కటి రెండడుగుల ముక్క. ఇంటి వెనక నుంచి గేటు దాకా మాకు 55 అడుగుల లైను. అంటే దాదాపు 27 అతుకులు, అన్నీ సిమెంటుతో వేసినవి. నేల కాస్త కుంగినా అతుకు పగులుతుంది. పగిలిన చోట తేమ కోసం చెట్టు వేరు దూరుతుంది. మా పెరట్లో కానుగ చెట్టు చేసింది అదే. పోయిన ఏడాది లైను మొత్తం మార్పించాం. ఆ పదిహేను రోజుల్లో నేను పడిన తగాదాలన్నీ కలిపితే ఈ వ్యాసం.

మొదటి తగాదా నింద గురించి. లైను నిండగానే ఇంటికొచ్చిన మొదటి ప్లంబరు అన్న మొదటి మాట, "ఆడవాళ్ళు జుట్టు, అన్నం మెతుకులు వేస్తారు సార్, అందుకే." నా ముందే, నన్ను కాకుండా మా వారిని చూసి చెప్పాడు. జుట్టు, మిగిలిన కూర, నూనె జిడ్డు, ప్యాడ్లు, పిల్లల డైపర్లు కాలవలో వేయకూడదు, ఒప్పుకుంటాను. సింకులో జాలీ పెట్టుకోవాలి, బాణలిలో మిగిలిన నూనె కాగితంతో తుడిచి చెత్తలో వేయాలి. కానీ ఇవన్నీ పాటించే ఇంట్లో కూడా నెలకోసారి అదే చోట లైను నిండుతుంటే, తప్పు జుట్టుది కాదు, పైపుది. అతుకు విరిగిన లైనుకి ఆడవాళ్ళ మీద నింద మందు కాదు. ఆ నింద వల్ల లాభం ఒక్కరికే, నెలనెలా వచ్చి వెదురు బద్ద తోసి డబ్బు పట్టుకెళ్ళేవాడికి.

అసలు మార్చాలా వద్దా అన్నది ముందు తేలాలి. ఇది తేల్చడానికి ఇంజనీరు అక్కర్లేదు, కాస్త ఓపిక చాలు. ఒక్క బాత్రూమే నిండితే అడ్డం ఆ బాత్రూము కింద ఉంది, గేటు దాకా తవ్వక్కర్లేదు. కింది అంతస్తులో అన్నీ ఒకేసారి గుడగుడలాడితే మెయిన్ లైనులో ఉంది. అప్పుడు ఇంటి ఆవరణలోని చాంబర్ల మూతలు లోపలి నుంచి బయటికి వరసగా తీసి చూడండి. మూడోది నిండి నాలుగోది ఖాళీగా ఉంటే అడ్డం ఆ రెండింటి మధ్య. అన్నీ నిండి, వీధి మ్యాన్‌హోల్ కూడా పొంగుతుంటే అది మీ లైను కాదు, వీధి లైను. అప్పుడు మేస్త్రీకి కాదు, ఊరి మురుగు చూసే శాఖకి ఫోను చేయాలి. హైదరాబాదులో అయితే జలమండలి, 155313. వీధి లైను నిండిపోతే సొంత ఇల్లు తవ్వించేసుకున్న వాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు. ఇల్లంతా తవ్వేశాక కూడా వాన రాగానే మళ్ళీ పొంగింది. పొంగదా మరి!

అడ్డం తీసినా అదే చోట మళ్ళీ మళ్ళీ వస్తుంటే, గచ్చు కుంగుతుంటే, పందికొక్కులు బొరియలు చేస్తుంటే, గోడ అడుగున తేమ ఆరకపోతే అప్పుడు మార్చే మాట ఆలోచించాలి. అన్నింటికంటే పెద్ద గుర్తు సంపులో నీళ్ళ వాసన. మా ఇంట్లో అది ముందు పసిగట్టింది మా అత్తయ్య. "నీళ్ళు మట్టి వాసన కాదే, ఇంకేదో వాసన" అన్నారు. పిలిపించిన కాంట్రాక్టరు "బ్లీచింగ్ వేసుకోండి పెద్దమ్మా, పోతుంది" అన్నాడు. ఏం పోతుంది? వాసన పోతుంది. మురుగు కలవడం పోదు. మన ఊళ్ళలో కుళాయి నీళ్ళు రోజంతా రావు. నీళ్ళు ఆగిన వేళ పైపు ఖాళీ అయి, ఎక్కడ చిల్లు ఉంటే అక్కడ చుట్టూ ఉన్న తడిని లోపలికి లాక్కుంటుంది. ఆ తడి పక్కనున్న మురుగు పైపుదైతే టైఫాయిడ్, కామెర్లు మన గ్లాసులోకి వచ్చినట్టే. కాబట్టి కొత్త లైను వేసేటప్పుడు మంచినీళ్ళ పైపు పైన, మురుగు పైపు కింద, రెండిటికీ మధ్య వీలైనంత ఎడం. ఒకే కందకంలో రెండూ వేస్తే తవ్వకం కూలి కలిసొస్తుందని ఎవరన్నా చెబితే ఆ కలిసొచ్చేది ఆసుపత్రి బిల్లుతో పోల్చి చూడండి.

ఇక పైపు. షాపులో "పి.వి.సి. పైపు" అని అడిగితే సన్నటిది చేతిలో పెడతారు. మురుగు, వాన నీళ్ళ పైపులకి ఐ.ఎస్. 13592 అని ఒక ప్రమాణం ఉంది. అందులో టైపు ఎ, టైపు బి అని రెండు రకాలు. ఎ రకం పలచనిది, గాలి గొట్టానికీ వాన నీళ్ళకీ. బి రకం మందంగా ఉంటుంది, మలమూత్రాలు పోయేది అదే. నాలుగంగుళాల పైపులో ఎ రకం గోడ మందం 2.2 మిల్లీమీటర్లు, బి రకానిది 3.2. చేత్తో పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. నేలలో పూడ్చే లైనుకి ఐ.ఎస్. 15328 అని విడిగా ఇంకో రకం ఉంది, ఇటుక రంగులో ఉంటుంది. దాని మీద ఎస్.ఎన్. 2, 4, 8 అని రాసి ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ బరువుకి అణగకుండా తట్టుకుంటుంది. కారు ఎక్కే దారి కింద వేస్తుంటే చిన్న అంకెతో సరిపెట్టకండి. ఇవన్నీ పైపు మీదే అచ్చు వేసి ఉంటాయి. చదవడం వచ్చిన ఏ ఇల్లాలైనా చూసుకోవచ్చు. "అమ్మా, ఇవన్నీ మీకెందుకు, సార్‌తో మాట్లాడతాం" అంటారు. సార్ ఆఫీసులో ఉన్నారు బాబూ, పైపు దిగింది నా గుమ్మంలో.

అసలు యుద్ధం వాటం దగ్గర. మురుగు మోటారుతో పోదు, వాలుతో పోతుంది. ఎంత వాలు ఉండాలో గుర్తు పెట్టుకోవడానికి పాత కాలం నుంచి ఒక లెక్క ఉంది. పైపు ఎన్ని అంగుళాలో దాన్ని పదితో హెచ్చవేయండి. నాలుగంగుళాల పైపుకి 40 అడుగులకి ఒక అడుగు వాలు, ఆరంగుళాల పైపుకి 60 అడుగులకి ఒక అడుగు. మా లైను ఆరంగుళాలది, 55 అడుగులు, అంటే 11 అంగుళాల వాలు కావాలి. పైపులు పరిచాక నేనూ అత్తయ్యా చెరో వైపు నీళ్ళ ట్యూబు పట్టుకుని కొలిచాం. ఉన్నది నాలుగంగుళాలు! కాంట్రాక్టరుని అడిగితే, "నీళ్ళే కదమ్మా, ఎటైనా పోతాయి" అన్నాడు. నీళ్ళు పోతాయి నాయనా, నీళ్ళతో వచ్చేవి పోవు. అవి పైపులో ఆగిపోయి ఆరు నెలలకి గట్టిపడితే అప్పుడు మళ్ళీ నువ్వే వచ్చి ఆడవాళ్ళ జుట్టు అంటావు. పైపులు ఎత్తి, లోతు సరిచేసి మళ్ళీ పరిచేదాకా గుంత పూడ్చనివ్వలేదు. ఒక రోజు పని ఎక్కువైంది, అంతే.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి. వాలు ఎంత ఇవ్వగలమన్నది మనం ఎక్కడ కలుపుతామో దాని లోతు మీద ఆధారపడి ఉంటుంది. అందుకే కొలత చివరి నుంచి మొదలుపెట్టాలి. వీధిలోని మ్యాన్‌హోల్ లోతు ఎంతో ఆ శాఖ వాళ్ళ చేత ముందు కొలిపించి, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలి. మన వీధుల్లో పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పోస్తూ పోతే ఇల్లు పల్లంలో పడుతుంది. అలాంటి ఇళ్ళలో వాన రోజున వీధి మురుగు వెనక్కి తన్నుతుంది. దానికి చివరి చాంబరులో నీరు ఒక్క వైపే పోయే వాల్వు పెట్టించుకోవాలి, దాన్ని అప్పుడప్పుడూ శుభ్రం చేయించుకోవాలి. డాబా మీది వాన నీళ్ళని మురుగు లైనులో కలపడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఊరంతా అలా కలపబట్టే వానాకాలంలో మ్యాన్‌హోళ్ళు ఫౌంటెన్లు అవుతున్నాయి. ఆ నీళ్ళు ఇంకుడు గుంతకి పంపితే వేసవిలో మన బోరుకే మేలు.

మలుపు తిరిగే ప్రతి చోటా, ఇంకో పైపు కలిసే ప్రతి చోటా చాంబరు ఉండాలి. నిలువుగా తొంభై డిగ్రీల ఎల్బో ఒకటి పెట్టే బదులు నలభై ఐదువి రెండు పెట్టమనండి. చాంబరు అడుగు చదునుగా వదిలేయకుండా పైపు నుంచి పైపుకి అర్ధచంద్రాకారంలో కాలవ చేసి, రెండు పక్కలా సిమెంటు వాలుగా పోయించండి. చదునుగా ఉంటే అక్కడే అంతా పేరుకుంటుంది, బొద్దింకలకి అదే సంతబజారు. మీ కొత్త టైల్సు అందం చెడుతుందని చాంబరు మూతల మీద గచ్చు పోయించేవాళ్ళని చూశాను. ఆ అందం ఒక్క రోజున సమ్మెటతో పగులుతుంది.

పైపు కింద రాళ్ళు ఏరి ఇసుకో మెత్తటి మొరమో పరవాలి. పక్కలా, పైనా కూడా ముందు మెత్తటి మట్టే. తవ్విన రాళ్ళూ ఇటుక ముక్కలూ నేరుగా పైపు మీద పోస్తే ఆ రోజే పైపుకి ఆయుష్షు తగ్గినట్టు. ప్రహరీ గోడ పక్కనే పొడుగునా ఒకేసారి తవ్వితే గోడ పునాది వదులవుతుంది, కొంచెం కొంచెంగా తవ్వించండి. తీసిన మట్టి గుంత అంచునే పోయనివ్వద్దు. లోతు ఐదడుగులు దగ్గరపడుతుంటే పక్కలకి చెక్కల ఊత లేకుండా మనిషిని దించనివ్వద్దు. మట్టి కూలితే అరిచే టైము కూడా ఉండదు.

పూడ్చే ముందు పరీక్ష. ఇది లేకుండా ఆఖరి డబ్బు ఇవ్వకండి. కింది చివర మూసి, పై చాంబరు దాకా నీళ్ళు నింపి, గీత గీసి ఒక గంట చూడండి. మట్టం దిగిందంటే ఎక్కడో అతుకు కారుతోంది. తర్వాత ఒక చాంబరులో టార్చి లైటు, ఇంకో చాంబరులో అద్దం పెట్టి చూడండి. పైపు తిన్నగా ఉంటే నిండు చందమామలా గుండ్రంగా వెలుగు కనిపిస్తుంది. నెలవంకలా కనిపిస్తే మధ్యలో పైపు కుంగిందన్నమాట. పైపు లోపలి కొలతకి అర అంగుళం తక్కువైన నున్నటి బంతిని పై చివర వదిలితే కింద బయటికి రావాలి. రాకపోతే లోపల సిమెంటు ముద్దో, అతుకు దగ్గర గట్టో ఉన్నట్టే. ఇవేవీ నా కనిపెట్టుళ్ళు కావు, మురుగు లైన్లు వేసే ఇంజనీర్లు ఎప్పటి నుంచో చేసే పరీక్షలే. మా కాంట్రాక్టరు మాత్రం బంతి చూసి నవ్వాడు. "పిల్లల ఆటా అమ్మా?" అన్నాడు. బంతి మూడో చాంబరు ముందు ఆగిపోయాక నవ్వలేదు.

ఇప్పుడు నాకు అన్నింటికంటే కోపం తెప్పించిన విషయం. పని చివర్లో పాత చాంబరు ఒకటి పూడిపోయి ఉంది. మెషిను పిలిపిస్తారనుకున్నాను. కాంట్రాక్టరు ఒక కుర్రాణ్ణి తీసుకొచ్చాడు, ఇరవయ్యేళ్ళు కూడా ఉండవు. చొక్కా విప్పి, నడుముకి తాడు కూడా లేకుండా దిగడానికి సిద్ధమయ్యాడు. "పది నిమిషాల పని అమ్మా, మెషినంటే డబ్బు దండగ" అన్నాడు కాంట్రాక్టరు. నేను మూత మీద నిలబడ్డాను. అత్తయ్య ఆ అబ్బాయిని "నువ్విలా రా నాయనా" అని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. మెషిను వచ్చింది, పని అయింది. అది మా దయ కాదు, చట్టం. రక్షణ సాధనాలూ జాగ్రత్తలూ లేకుండా మనిషిని మురుగు లైనులోకి గాని సెప్టిక్ ట్యాంకులోకి గాని దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. నేరుగా దించినా, ఇంకొకరి చేత దింపించినా ఒకటే. మొదటిసారికే 2 ఏళ్ళ దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. "కాంట్రాక్టరు తెచ్చాడు, మాకేం తెలుసు" అంటే కుదరదు. ఇలా చనిపోయిన వారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. తల్లికి కొడుకు లేకుండా పోయాక ఏ లక్షలు ఏం చేసుకోను?

లోపల ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ముందు కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కుకి ఆ వాసన పట్టే శక్తే పోతుంది. వాసన లేదు కదా అని దిగినవాడు అక్కడే పడిపోతాడు, వాణ్ణి పైకి లాగుదామని దిగిన రెండోవాడూ పడిపోతాడు. పేపర్లో ఒకే ట్యాంకులో ఇద్దరు, ముగ్గురు అని చదివేది ఇందుకే. అగ్గిపుల్ల వెలిగించి చూస్తామనేవాళ్ళూ ఉన్నారు. లోపల మండే వాయువూ ఉంటుంది కాబట్టి అదీ చావుకే. ఈ చావులు ఏ కులాల ఇళ్ళలో జరుగుతున్నాయో మనందరికీ తెలుసు. మన తెలుగువాడే అయిన బెజవాడ విల్సన్ ఏళ్ళ తరబడి ఈ పని మాన్పించడానికి పోరాడి 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. ఆ వార్తని వాట్సాప్‌లో పంచుకున్న ఇళ్ళలోనే చాంబరు పూడితే "ఎవరన్నా కుర్రాడు దొరుకుతాడా?" అని అడుగుతున్నారు. జెట్టింగ్ మెషిను డబ్బుని పైపు ధరలో కలిపి లెక్క వేసుకోండి. అది లేని లెక్క తప్పు లెక్క.

"ఇన్ని పేచీలు పెడితే పనివాళ్ళు దొరకరు" అని మా మరిది అన్నాడు. చాలామంది ఇదే అంటారు. దొరికారు. మొదలుపెట్టే ముందే కాగితం మీద రాసుకుంటే పేచీ ఉండదు కూడా. ఏ రకం పైపు, ఎన్ని అడుగులు, ఎన్ని చాంబర్లు, ఎంత వాలు, ఏ పరీక్షలు, గచ్చు మళ్ళీ ఎవరు పోస్తారు, మట్టి ఎవరు ఎత్తుతారు, వీధి రోడ్డు తవ్వాల్సి వస్తే మునిసిపాలిటీ అనుమతి ఎవరు తెస్తారు, ఇవి రాయండి. డబ్బులో కొంత భాగం పరీక్షలయ్యాకే అని కూడా రాయండి. వీధి మ్యాన్‌హోల్‌లో కలపడం ఆ శాఖ వాళ్ళ పని, మన మేస్త్రీ చేత చేయించేది కాదు. పూడ్చే ముందు గోడ నుంచి ఎంత దూరం, ఎంత లోతు అని కొలతలు వేసి ఫోటోలు తీసి ఇంటి కాగితాలతో కలిపి దాచండి. రేపు బోరో, ఇంకో గోడో వేసేటప్పుడు మీ పిల్లలు మీకు దణ్ణం పెట్టుకుంటారు.

చివరిగా మగవాళ్ళతో ఒక మాట. లైను తవ్విన నాలుగు రోజులూ ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి ఆఫీసులో బాత్రూము ఉంది. ఇంట్లో ఉండేది మోకాళ్ళ నొప్పుల అత్తయ్య, నెలసరిలో ఉన్న కూతురు, వంట చేయాల్సిన నేను. ఒక బాత్రూము పనిచేస్తుండగా రెండోది తవ్వాలన్న ఆలోచన కాంట్రాక్టరుకి రాలేదు, మా వారికీ రాలేదు. చెప్పాక కుదిరింది, ఒక రోజు మాత్రమే పక్కింటికి వెళ్ళాల్సి వచ్చింది. ఎవరు ఆ కష్టం పడతారో వాళ్ళని అడగకుండా పని ఎలా ఖాయం చేస్తారు? ఇంటి పైకప్పు సీలింగు డిజైను మీరే ఎంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కందకం దగ్గర మాత్రం స్టూలు వేసుకుని నేనే కూర్చుంటాను. టేపూ, బంతీ, అద్దం నా దగ్గరే ఉన్నాయి. మీ ఇంట్లో పని పెట్టుకుంటే చెప్పండి, తెచ్చిస్తాను.